రిపోర్టింగ్ ఇంటర్న్ చేతికి ముందు పాత ఫైళ్లు ఇవ్వండి

ప్రాజెక్టు రిపోర్టింగ్ విభాగంలో ఇంటర్న్‌గా చేరిన విద్యార్థికి మన సంస్థలు మొదటి వారంలోనే అప్పగించే పని దాదాపు అన్నిచోట్లా ఒక్కటే. సైట్ల నుంచి, బృందాల నుంచి వచ్చిన ఎక్సెల్ షీట్లను ఒకచోట చేర్చి, వాటికి ఆకుపచ్చ (సవ్యంగా ఉంది), పసుపు (జాగ్రత్త), ఎరుపు (వెనకబడింది) రంగులు వేసి, సోమవారం సమీక్షకు స్లైడ్లు సిద్ధం చేయడం. రెండు నెలలు తిరిగేసరికి, అంకెలను చార్టులుగా, డ్యాష్‌బోర్డులుగా చూపే పవర్ బీఐ సాఫ్ట్‌వేర్‌లో చేయి తిరుగుతుంది, స్లైడ్లు చూడముచ్చటగా వస్తాయి, సర్టిఫికెట్టు చేతికందుతుంది. అయితే ఆ షీట్లలోని అంకెల్లో నమ్మదగ్గవి ఏవో, అనుమానించవలసినవి ఏవో తెలియకుండానే చాలామంది కాలేజీకి తిరిగి వెళ్లిపోతారు. హైదరాబాదులో నిర్మాణ ప్రాజెక్టుల ప్లానింగ్ విభాగంలో పనిచేస్తూ, ఏటా వేసవిలో వచ్చే ఇంటర్న్‌లను దగ్గరగా చూస్తున్నవాడిగా నా వాదన ఇది: నడుస్తున్న ప్రాజెక్టు డ్యాష్‌బోర్డు వాళ్ల చేతికి ఇచ్చేముందు, ఎప్పుడో ముగిసిపోయిన ఒక ప్రాజెక్టు వారపు రిపోర్టులన్నిటినీ మొదటి నుంచి చివరి దాకా ఇచ్చి, "ఇది ఆలస్యమవుతుందని మొట్టమొదట ఏ వారంలో కనిపెట్టి ఉండవచ్చు?" అని అడగాలి.

నడుస్తున్న ప్రాజెక్టు విషయంలో ఈ ప్రశ్నకు సమాధానం ఎవరి దగ్గరా ఉండదు. మేనేజరు ఆకుపచ్చ అన్నాడంటే ఇంటర్న్‌కు అది ఆకుపచ్చే. కాదనడానికి ఆధారమూ లేదు, చనువూ లేదు. ముగిసిన ప్రాజెక్టు సంగతి వేరు. అది ఎప్పుడు పూర్తయిందో, ఎంత ఖర్చయిందో ఫైలులోనే ఉంటుంది కాబట్టి, దారి పొడుగునా రాసిన ప్రతి అంకెనూ ఆ తుది ఫలితంతో పోల్చి చూసుకోవచ్చు. పైగా ఆ రిపోర్టులను విమర్శిస్తే ఇప్పుడు ఎవరి ఇంక్రిమెంటుకూ ముప్పు రాదు. ఇరవై ఏళ్ల విద్యార్థి పాతికేళ్ల అనుభవమున్న ఇంజనీరు రాసిన అంకెను నిర్భయంగా ప్రశ్నించగలిగే చోటు ఆఫీసులో ఇదొక్కటే.

ఒక ఉదాహరణ చెబుతాను. డిగ్రీ చివరి ఏడాది చదువుతున్న ఒక అమ్మాయికి, నేను అప్పట్లో పనిచేసిన సంస్థలో, అంతకు కొంతకాలం ముందు అప్పగించిన ఒక బహుళ అంతస్తుల భవనం తాలూకు వారపు రిపోర్టుల ఫోల్డరు ఇచ్చాము. ఆమె వాటన్నిటినీ ఒకే షీటులో పక్కపక్కన పేర్చింది: నిలువు వరుసల్లో వారాలు, అడ్డ వరుసల్లో పనులు, గడుల్లో శాతాలు. అలా పేర్చిన మరుక్షణమే ఒక వరుస కంటబడింది. లిఫ్టుల ఏర్పాటు పని తొంభై శాతానికి చేరి, అక్కడే వారాల తరబడి నిలిచిపోయింది. పూర్తయ్యే తేదీ మాత్రం ప్రతి రిపోర్టులోనూ సరిగ్గా ఒక్కో వారం ముందుకు జరుగుతూ వచ్చింది. విడిగా ఏ ఒక్క రిపోర్టు చూసినా ఇది కనబడదు, ఎందుకంటే ఏ వారానికి ఆ వారం అది "వచ్చే వారం పూర్తయ్యే" పనే, రంగు ఆకుపచ్చే.

ఆమె అక్కడితో ఊరుకోకుండా ఆ సైటులో పనిచేసిన ఇంజనీరుకు ఫోన్ చేసింది. "అన్నా, ఈ తొంభై శాతం దేన్నిబట్టి వేసేవాళ్లు?" అని అడిగితే, "లిఫ్టులు బిగించేశామమ్మా, కరెంటు వస్తే ట్రయల్ వెయ్యడమే మిగిలింది" అన్నాడు. కరెంటు అంటే శాశ్వత కనెక్షను. అందుకు ట్రాన్స్‌ఫార్మరు రావాలి. ఆ దరఖాస్తు ఏ దశలో ఉందో అనుమతుల షీటులో ఇంకొకరు రాస్తున్నారు. ఆ షీటుకూ లిఫ్టుల వరుసకూ షెడ్యూల్‌లో లింకు లేదు. ఇంకాస్త తవ్వితే ఇంకో సంగతి బయటపడింది. లిఫ్టుల సరఫరాదారుతో ఉన్న ఒప్పందం ప్రకారం బిగింపు పూర్తయ్యాక తొంభై శాతం సొమ్ము, ట్రయల్ ముగిసి అప్పగించాక మిగతా పది శాతం చెల్లించాలి. రిపోర్టులో కనిపించిన తొంభై ఆ బిల్లులోంచి వచ్చిన అంకె. అది డబ్బు ఎంత వెళ్లిందో చెప్పే శాతం, పని ఎంతయిందో చెప్పేది కాదు. ఎవరూ అబద్ధం రాయలేదు; ఒక ప్రశ్నకు వచ్చిన సమాధానాన్ని ఇంకో ప్రశ్న కింద రాశారు, అంతే.

ఈ ఒక్క వరుసతో ఆ అమ్మాయికి బోధపడినంత విషయం ఏ టూల్ శిక్షణలోనూ బోధపడదని నా నమ్మకం. అలాగని టూల్స్ అక్కర్లేదనే వాళ్లతో నేను ఏకీభవించను. "టూల్ ఏదైతేనేం, బుర్ర ఉండాలి" అన్న మాట వినడానికి బాగుంటుంది గాని, ఈ టూల్స్ లోపల ఉన్న కొన్ని ఏర్పాట్లు సరిగ్గా ఇలాంటి గందరగోళాన్ని ఆపడానికే పెట్టినవి. షెడ్యూళ్లు వేసే మైక్రోసాఫ్ట్ ప్రాజెక్టు అనే సాఫ్ట్‌వేర్‌లో పూర్తయిన శాతం చూపే మామూలు గడి కాలవ్యవధిని బట్టి లెక్కకడుతుంది: పది రోజుల పనిలో ఆరు రోజులు గడిచాయని నమోదు చేస్తే అరవై శాతం అంటుంది, గోడ ఎంత లేచిందో దానికి అనవసరం. భౌతికంగా ఎంత పని జరిగిందో రాయడానికి వేరే గడి ఉంది, దాన్ని తెరిచి చూసేవాళ్లే తక్కువ. అలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ ప్రైమవెరాలో ఇంకా స్పష్టంగా, ప్రతి పనికీ దాని శాతాన్ని కాలాన్ని బట్టి లెక్కించాలా, వెచ్చించిన శ్రమను బట్టి లెక్కించాలా, కళ్లతో చూసిన పనిని బట్టి రాయాలా అన్నది మనమే ముందుగా ఎంచుకోవాలి. అమీర్‌పేటలో ప్రైమవెరా కోర్సు చేసి వచ్చిన కుర్రవాళ్లను నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. మెనూలో అది ఎక్కడుందో చాలామంది ఠక్కున చెబుతారు; ఫలానా పనికి ఏది ఎందుకు ఎంచుకోవాలో చెప్పడానికి తడబడతారు.

అసలు ఈ టూల్స్ పుట్టిన కారణమే మనం మరచిపోయినట్టున్నాము. 1950ల చివర డ్యూపాంట్ సంస్థలో క్రిటికల్ పాత్ పద్ధతినీ, దాదాపు అదే కాలంలో అమెరికా నౌకాదళపు పొలారిస్ క్షిపణి కార్యక్రమంలో పెర్ట్ పద్ధతినీ రూపొందించినప్పుడు, ఏ పని తర్వాత ఏ పని జరగాలో, దేనికి ఎంత సమయం పడుతుందో మనుషులు చెబితే, ముగింపు తేదీని లెక్కగట్టి చెప్పడం కంప్యూటరు వంతు. ఇప్పుడు మన ఆఫీసుల్లో జరుగుతున్నది తలకిందులు. ముగింపు తేదీ పైనుంచి వస్తుంది, దాన్ని గడిలో టైపు చేస్తాము, దానికి సరిపోయేలా గీతలు జరుపుతాము. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్టులో పనుల మధ్య లింకులు వేయకుండా తేదీలు చేత్తో కొడుతూ పోతే, కింద ఒక పని నెల ఆలస్యమైనా పైన ముగింపు తేదీ చెక్కుచెదరదు. అది షెడ్యూల్‌లా కనిపించే బొమ్మ మాత్రమే.

అందుకే పాత ప్రాజెక్టు ఫైలు చేతికి వచ్చిన ఇంటర్న్ చూడవలసిన రెండో సంగతి ఆ లింకులు. ముందు పని గాని తర్వాతి పని గాని లేకుండా గాలిలో వేలాడుతున్న పనులు ఎన్ని? కదలకుండా తేదీతో కట్టేసినవి ఎన్ని? అమెరికా రక్షణశాఖ కాంట్రాక్టుల సంస్థ షెడ్యూల్ నాణ్యతను పరీక్షించడానికి పద్నాలుగు అంశాల కొలమానం ఒకటి పెట్టుకుంది. లింకులు లేని పనులు 5 శాతం మించకూడదనీ, తేదీతో బిగించినవి కూడా 5 శాతం మించకూడదనీ, 44 పనిదినాలకు మించి వెసులుబాటు (ముగింపు తేదీ మారకుండా ఎంత ఆలస్యం కావచ్చో ఆ వ్యవధి) చూపించే పనులు ఎక్కువగా ఉంటే ఎక్కడో లింకు తప్పిపోయిందని అనుమానించాలనీ అందులో ఉంటుంది. ఈ హద్దులు మన అపార్టుమెంటు ప్రాజెక్టుకు యథాతథంగా వర్తించాలని లేదు. ఒక విద్యార్థి సొంతంగా లెక్కపెట్టి చూసుకోగలిగిన అంశాలు మాత్రం ఇవి. పైన చెప్పిన భవనంలో ట్రాన్స్‌ఫార్మరుకూ లిఫ్టు ట్రయల్‌కూ మధ్య లింకు వేసి మళ్లీ లెక్కగట్టిస్తే, అనుమతుల షీటులో మొదటి జాప్యం నమోదైన వారంలోనే భవనం అప్పగింత ఆలస్యమవుతుందని తేలింది. రిపోర్టులో ఎరుపు రంగు కనిపించింది అందుకు చాలాకాలం తర్వాత.

ఇక అంకెల సూచికల సంగతి. కాలేజీలో ఎర్న్‌డ్ వాల్యూ పాఠం చెబుతారు: జరిగిన పని విలువను, జరగవలసిన పని విలువతో భాగిస్తే షెడ్యూల్ సూచిక వస్తుంది, ఒకటి కంటే తక్కువైతే వెనకబడినట్టు. పరీక్షలో నాలుగు మార్కులకు ఇది చాలు. పాత ప్రాజెక్టులో ఈ సూచికను వారం వారం గీసి చూస్తే పాఠంలో చెప్పని సంగతి కనబడుతుంది. కోటి రూపాయల పని పన్నెండు నెలల్లో పూర్తికావలసింది పద్దెనిమిది నెలలు పట్టిందనుకుందాం. పన్నెండో నెలకే జరగవలసిన పని విలువ కోటికి చేరి ఆగిపోతుంది. జరిగిన పని విలువ నెమ్మదిగా దాన్ని అందుకుంటుంది. పద్దెనిమిదో నెలలో కోటిని కోటితో భాగిస్తే సరిగ్గా ఒకటి. ఆరు నెలలు ఆలస్యమైన ప్రాజెక్టు సమయానికి ముగిసినట్టు ఆ సూచిక చెబుతుంది. చివరి మూడో వంతులో గీత పైకి లేస్తూ ఉంటే, పరిస్థితి మెరుగవుతోందని సమీక్షలో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఈ లోపాన్ని సరిదిద్దడానికే ప్రాజెక్టు నిర్వహణ నిపుణుడు వాల్ట్ లిప్కె 2003లో విలువకు బదులు కాలంతోనే కొలిచే పద్ధతి ప్రతిపాదించాడు. కాని ముందు ఆ లోపాన్ని విద్యార్థి తన చేతులతో గీసిన గీతలో చూడాలి. చూసినవాళ్లు ఆ తర్వాత ఏ డ్యాష్‌బోర్డులోనైనా ఆ అంకె కనిపిస్తే, ప్రాజెక్టు ఏ దశలో ఉందని ముందు అడుగుతారు.

సాఫ్ట్‌వేర్ సంస్థల్లో చేరే ఇంటర్న్‌లకూ ఇదే వర్తిస్తుంది గాని, వాళ్ల పని కొంత సులువు. బృందాల పనులను నమోదు చేసే జిరా అనే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి టికెట్టుకూ (అంటే ఒక్కో పనికీ) దాని చరిత్ర భద్రంగా ఉంటుంది: ఎవరు, ఎప్పుడు, ఏ స్థితి నుంచి ఏ స్థితికి మార్చారో వెనక్కి వెళ్లి చదవవచ్చు. స్ప్రింట్ (కొద్ది వారాల పని విడత) రిపోర్టులో, ఆ స్ప్రింట్ మొదలైన తర్వాత చేర్చిన పనులకు నక్షత్రపు గుర్తు ఉంటుంది. నాలుగైదు పాత స్ప్రింట్లు తీసి ఆ నక్షత్రాలు లెక్కపెడితే, బృందం ఎందుకు వెనకబడిందో మేనేజరు చెప్పే కారణానికీ, ఫైలు చెప్పే కారణానికీ మధ్య తేడా తరచుగా తెలిసిపోతుంది.

నిర్మాణ రంగంలో అంత అదృష్టం లేదు. ఇక్కడ చరిత్రను డ్యాష్‌బోర్డే చెరిపేస్తుంది. పవర్ బీఐని నేరుగా నడుస్తున్న షీటుకు కలిపినప్పుడు, రిఫ్రెష్ నొక్కిన ప్రతిసారీ నిన్నటి అంకె పోయి నేటి అంకె వస్తుంది. లిఫ్టు వరుసలో తేదీ వారం వారం జరుగుతున్న సంగతి అలాంటి డ్యాష్‌బోర్డులో ఎన్నటికీ కనబడదు. ఈ వారం తేదీ ఒక్కటే కనబడుతుంది. పాత రిపోర్టులు ఈ-మెయిలు జోడింపుల్లో మిగిలి ఉండబట్టి ఆ అమ్మాయి వాటిని పేర్చగలిగింది. కాబట్టి నడుస్తున్న ప్రాజెక్టులో ఇంటర్న్ చేయగల అత్యంత విలువైన పని, నా ఉద్దేశంలో, ప్రతి శుక్రవారం సాయంత్రం షెడ్యూల్ ఫైలునూ షీట్లనూ తేదీ వేసి వేరే ఫోల్డరులో దాచడం. గొప్పగా చెప్పుకునే పని కాదు. ఆర్నెల్లు పోయాక ఎవరైనా "ఇది ఎప్పుడు చెడింది?" అని అడిగితే సమాధానం దొరికేది మాత్రం ఆ ఫోల్డరులోనే.

ఇక్కడే బేస్‌లైన్ ప్రస్తావన తేవాలి. మొదట ఒప్పుకున్న తేదీలను టూల్‌లో భద్రపరిచి, ఆలస్యాన్ని వాటితో పోల్చి చెప్పాలి. తేదీలు మారినప్పుడల్లా కొత్త బేస్‌లైన్ పెట్టేసుకుంటే ఆలస్యం కాగితం మీద మాయమవుతుంది. ఇది ప్రైవేటు సంస్థల చాతుర్యం మాత్రమే అనుకోనక్కర్లేదు. కేంద్ర గణాంకాల మంత్రిత్వశాఖ 150 కోట్ల రూపాయలకు పైబడిన కేంద్ర ప్రాజెక్టుల పురోగతిపై ఏళ్లుగా నివేదికలు వెలువరిస్తోంది. ఎన్ని ప్రాజెక్టులు ఆలస్యమయ్యాయో చెప్పిన తర్వాత, తాజాగా సవరించిన గడువుతో పోల్చి చూస్తే ఆలస్యమైన ప్రాజెక్టుల సంఖ్య తగ్గుతుందన్న వాక్యం వాటిలో మళ్లీ మళ్లీ కనిపించేది. రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టినందుకు ఆ శాఖను మెచ్చుకోవాలి. చాలా ఆఫీసుల్లో రెండో లెక్క ఒక్కటే బయటికి వస్తుంది.

శాతాల మాయకు హైదరాబాదులోనే మరో ఉదాహరణ ఉంది. మెట్రో మొదటి దశలో 2017 నవంబరులో 30 కిలోమీటర్లతో రైళ్లు మొదలై, 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్‌స్టేషన్) దాకా మార్గం తెరిచేసరికి మొత్తం సుమారు 69 కిలోమీటర్లయింది. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా ఐదారు కిలోమీటర్లే మిగిలాయి. పొడవు లెక్కన చూస్తే పదింట తొమ్మిది వంతులకు పైగా పూర్తి. కాని పాతబస్తీ ఇరుకు వీధుల్లో ఆస్తుల సేకరణ, దారిలోని ప్రార్థనా స్థలాలు ముడిపడిన ఆ కొద్ది దూరం అలాగే ఆగిపోయి, చివరకు రెండో దశ ప్రణాళికలోకి వెళ్లింది. మిగిలిన పని అయిపోయిన పనిలాంటిదే అయినప్పుడు మాత్రమే శాతానికి అర్థం ఉంటుందని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి నిదర్శనం నాకు తోచదు.

నా వాదనకు ఎదురయ్యే అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. పాత ఫైళ్లలో రేట్లు, సరఫరాదారుల పేర్లు ఉంటాయి, బయటి విద్యార్థికి ఎలా ఇస్తామని అడుగుతారు. ఆ నిలువు వరుసలు తీసేసి ఇవ్వవచ్చు. దానికి ఒక పూట పని చాలు. నడుస్తున్న ప్రాజెక్టు షీట్లు ఇంటర్న్‌కు ఇవ్వడానికి లేని భయం ముగిసిన ప్రాజెక్టుకు ఎందుకో నాకు అర్థం కాదు. అసలు ఇబ్బంది గోప్యత కాదనీ, పాత రిపోర్టులు రాసినవాళ్లు ఇంకా అదే ఆఫీసులో, కొందరు పై స్థానాల్లో ఉండటమేననీ నా అనుమానం. రెండో అభ్యంతరం విద్యార్థుల నుంచే వస్తుంది: "సార్, రెజ్యూమేలో పవర్ బీఐ అని రాసుకోవాలి కదా." అది న్యాయమైన మాటే; ఉద్యోగ ప్రకటనల్లో అడిగేదీ అదే. కాని ఒక ఫోల్డరు నిండా ఉన్న వారపు ఫైళ్లను పవర్ బీఐలోని పవర్ క్వెరీ అనే సాధనంతో ఒక్క పట్టికగా కలపడానికి కూర్చున్నప్పుడు, ఒక వారం "పూర్తి శాతం" అని ఉన్న శీర్షిక మరో వారం "ప్రోగ్రెస్" అని మారితే క్వెరీ ఎందుకు విఫలమవుతుందో, తేదీలు కొన్ని తేదీలుగా, కొన్ని మామూలు అక్షరాలుగా ఎందుకు వస్తాయో తెలిసినంతగా, శిక్షణ కోసం శుభ్రం చేసి ఇచ్చిన నమూనా డేటాతో తెలియదు. టూల్ నేర్చుకోవడానికీ ఇదే మంచి దారి.

మూడో అభ్యంతరం కొంచెం బరువైనది. సంస్థకు ఇంటర్న్ వల్ల వెంటనే పని జరగాలి. రెండు నెలల వేసవిలో మూడు వారాలు పాత ఫైళ్లకే పోతే మిగిలేదేమిటి? స్టైపెండు కూడా ఇవ్వని సంస్థలు ఈ ప్రశ్న అడిగే హక్కు కోల్పోయినట్టేనని నా అభిప్రాయం. ఇచ్చే సంస్థలకు మాత్రం సమాధానం చెప్పాలి. తప్పిపోయిన లింకులను పాత షెడ్యూల్‌లో పట్టుకోవడం నేర్చిన విద్యార్థి, నాలుగో వారంలో నడుస్తున్న షెడ్యూల్‌లో కూడా వాటిని పడతాడు. స్లైడ్లు చేసే పనిని ఎలాగూ సగం ఆటోమేట్ చేసుకోవచ్చు. ఈ పని అలా కాదు. పైగా వ్యవధి ఎప్పుడూ రెండు నెలలే కానక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి 2020-21లో తెచ్చిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. అందులో పెద్ద భాగం చివరి ఏడాదిలో ఒక సెమిస్టరు మొత్తం. అంతకాలం స్లైడ్లకు రంగులు వేయించడం కంటే వృథా ఇంకొకటి ఉండదు.

కాలేజీల వంతు కూడా ఉంది. ఇంటర్న్‌షిప్ చివర సమర్పించే రిపోర్టులో సంస్థ చరిత్ర పది పేజీలు, "నేర్చుకున్న టూల్స్" ఐదు పేజీలు, స్క్రీన్‌షాట్లు మరో ఇరవై పేజీలు ఉండటం మామూలైపోయింది. వాటికి బదులు ఒక్క అంకెను ఎంచుకుని, అది ఎవరు చెప్పారు, దేన్ని చూసి చెప్పారు, ఏ ఫైలు నుంచి ఏ ఫైలుకు వచ్చింది, దారిలో దాని అర్థం ఎక్కడ మారింది అన్నది రెండు పేజీల్లో రాయమంటే, వైవాలో అడగడానికి అధ్యాపకుల దగ్గరా ప్రశ్నలుంటాయి. ఇంటర్నెట్‌లో దొరికిన రిపోర్టులోంచి ఎత్తి రాయడానికీ వీలుండదు.

ఏ సంస్థా పాత ఫైళ్లు ఇవ్వని విద్యార్థి కూడా ఈ సాధన ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. రేరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం 2016 ప్రకారం బిల్డర్లు మూడు నెలలకొకసారి తమ ప్రాజెక్టు పురోగతిని రేరా వెబ్‌సైట్‌లో నమోదు చేయాలి. మీ వీధి చివర లేస్తున్న అపార్టుమెంటు వివరాలు అక్కడ చదివి, సాయంత్రం నడుచుకుంటూ వెళ్లి చూసి రావచ్చు. కేంద్ర మంత్రిత్వశాఖ నివేదికలు ఎలాగూ ఉన్నాయి. గుంటూరు, ఒంగోలు, నెల్లూరు వైపు విద్యార్థులైతే నడికుడి–శ్రీకాళహస్తి కొత్త రైలు మార్గాన్ని తీసుకోవచ్చు: 309 కిలోమీటర్లు, 2011-12లో మంజూరైనది, ముక్కలు ముక్కలుగా తెరుచుకుంటూ వస్తున్నది. ఆ ఒక్క వరుసను దొరికినన్ని నివేదికల్లోంచి తీసి తేదీల వారీగా పేర్చి, మొదటి గడువు, సవరించిన గడువు, అంచనా వ్యయం, ఖర్చయిన సొమ్ము అన్న నాలుగు గడులు ఎప్పుడెప్పుడు మారాయో, ఎప్పుడు ఖాళీగా ఉన్నాయో గుర్తుపెట్టుకుంటూ పోవాలి. ఎక్సెల్ చాలు, లైసెన్సుతో గాని, ఎవరి అనుమతితో గాని పనిలేదు.